తిరగమోతకు ముందే సగం తీసి పెట్టండి: నెల సరుకులు నెలాఖరు దాకా రావాలంటే

ఇరవయ్యో తారీఖు దాటేసరికి కందిపప్పు డబ్బా అడుగు కనిపించే ఇళ్ళు మన నెల్లూరులోనూ, ఒంగోలులోనూ బోలెడున్నాయి. అప్పుడు అందరం మొదట చేసేది షాపు మార్చడం. కిలో మీద ఐదో పదో తగ్గుతుంది, ఆటో చార్జీకి సరిపోతుంది. అసలు డబ్బు పోయేది రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు. గరిటెడు పప్పు, గుప్పెడు అన్నం, అడుగున నాలుగు ముక్కల కూర. పారేయడానికి మనసు రాదు, రేపు చూద్దాంలే అని ఫ్రిజ్‌లోకి తోస్తాం. మూడో రోజు మూత తీసి ముక్కు మూసుకుని పారేస్తాం.

ఎందుకు పారేస్తామంటే, తిరగమోత పడి ఉప్పు, పులుపు, కారం పట్టేసిన కూరను ఇంకో వంటగా మార్చడం కష్టం. నిన్నటి టమాటా పప్పు ఈ రోజూ టమాటా పప్పే. అదే ఉప్పు కూడా వేయని ఉత్త పప్పయితే పప్పుచారు అవుతుంది, చపాతీ పిండిలోకి పోతుంది, సొరకాయ కూరలో కలుస్తుంది. కాబట్టి మిగిలాక ఏం చేద్దామా అని తల పట్టుకునే బదులు, వండేటప్పుడే రేపటి వాటా తీసి పక్కన పెట్టేయండి. కింద చెప్పే వాటిలో చాలా వరకు ఈ ఒక్క పని నుంచే వస్తాయి.

ముందు నెల లెక్క ఒకసారి చూసుకోండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఒక పళ్ళెం లెక్క ఉంది. రోజుకు 2,000 కిలో కేలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా వాటి బదులు గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. వీటిని నలుగురు పెద్దవాళ్ళకి ముప్పై రోజులకు హెచ్చవేయండి. ధాన్యాలు 30 కిలోలు, పప్పులు దాదాపు 10 కిలోలు, నూనె మూడున్నర లీటర్లు వస్తాయి.

ఇప్పుడు మీ కిరాణా చీటీ పక్కన పెట్టుకుని చూడండి. బియ్యం 26 కిలోల బస్తా, దాని మీద ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమపిండి, సేమియా. పప్పు మూడు కిలోలు. నూనె ఐదు లీటర్లు. చాలా ఇళ్ళ చీటీ ఇలాగే ఉంటుంది. (బస్తా 26 కిలోలు ఎందుకయిందంటే, 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ సరుకు మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారులు ఒక కిలో పెంచి దాన్ని తప్పించుకున్నారు.) నూనెలో, బిస్కెట్లలో, చక్కెరలో, కూల్ డ్రింకుల్లో తగ్గించిన డబ్బు పప్పులు, గుడ్లు, ఆకుకూరల వైపు మళ్ళించాలి. మొత్తం ఖర్చు తగ్గకపోయినా పళ్ళెం బాగుపడుతుంది. ఒకటి రెండు నెలల్లో ఖర్చు కూడా తగ్గుతుంది, ఎందుకంటే పప్పు, గుడ్డు తిన్న పిల్లలు సాయంత్రం చిప్స్ ప్యాకెట్ కోసం అంతగా గోల చేయరు.

పది కిలోల పప్పు అనగానే కందిపప్పు ధర గుర్తొచ్చి భయపడొద్దు. కందిపప్పొక్కటే పప్పు అనుకోవడం వల్లనే బిల్లు పెరుగుతుంది. అలసందలు, ఉలవలు, పెసలు, శనగలు కలిపి కొనండి, వారానికి రెండుసార్లు గుడ్లు చేయండి. మార్కాపురం, కనిగిరి వైపు చుట్టాలుంటే సంక్రాంతి దాటాక కొత్త కందులు తెప్పించుకుని మరపట్టించుకోవచ్చు.

రేషన్ బియ్యాన్ని కోళ్ళకు వేసేవాళ్ళు, తక్కువకు అమ్మేసేవాళ్ళు కనిపిస్తుంటారు. అన్నానికి నచ్చకపోతే దోశ పిండికి వాడండి, సూపర్‌గా వస్తుంది. అందులో అక్కడక్కడా తేడాగా గింజలు కనిపిస్తే అవి ప్లాస్టిక్ కాదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసి, నూటికి ఒకటి చొప్పున బియ్యంలో కలిపిన గింజలు. ఏరి పారేస్తే ఉచితంగా వచ్చిన బలాన్ని పారేసినట్టే.

గడియారం, డబ్బా

వంట సంగతికి వెళ్ళే ముందు ఇది ఒప్పుకోవాలి. మన ఎండలకు మిగిలిన తిండి దాచడం ఆషామాషీ వ్యవహారం కాదు. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన రోజున ఒక గంటే. నెల్లూరులో మార్చి నుంచి జూన్ దాకా, ఆ తర్వాత కూడా చాలా రోజులు, మీ వంటిల్లు ఆ లెక్కలోనే ఉంటుంది.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా విత్తనాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పొద్దున వండి సాయంత్రం దాకా కుక్కర్‌లోనే వదిలేసిన అన్నాన్ని రాత్రికి పులిహోర చేయొద్దు అనేది అందుకే.

చేయాల్సింది ఇది. రేపటి వాటాను వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత లోతు తక్కువున్న చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెలో పెడితే నడిమధ్య గంటలకొద్దీ వేడిగానే ఉంటుంది. డబ్బా మీద చిన్న టేపు ముక్క అంటించి తారీఖు రాయండి. అన్నం మర్నాటికల్లా, పప్పు, కూరలు మూడు రోజుల్లోపు అయిపోవాలి. వేడిచేసేటప్పుడు కావలసినంతే తీసుకుని, బుడగలు వచ్చి పొగలు కక్కేదాకా మరిగించండి. ఒకసారి వేడిచేసింది మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళకూడదు.

ఫ్రిజ్ లేకపోతే, లేదా కరెంటు గంటలకొద్దీ పోయే ఊరైతే, పప్పూ కూరా పూటకు సరిపడా వండటం తప్ప దారి లేదు. అన్నానికి మాత్రం చద్ది ఉంది, కింద చెబుతాను.

పప్పు: ఒక కుక్కర్, రెండు రోజులు

నలుగురికి ఒకటిన్నర గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. పసుపు, రెండు చుక్కల నూనె, మూడింతలకు పైగా నీళ్ళు పోసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. ఉప్పు, చింతపండు, టమాటా ఏవీ వేయొద్దు. దించాక మెదపక ముందు పైన తేరిన కట్టును ఒక గ్లాసు వంచుకోండి. తర్వాత పప్పు మెదిపి సగం డబ్బాలోకి తీసేయండి.

ఈ రోజు సగంలో తోటకూరో, గోంగూరో, మామిడికాయో వేసి పప్పు చేసేయండి. కట్టులో మిరియాలు, జీలకర్ర, కాస్త చింతపండు వేసి కాస్తే రాత్రికి చారు. డబ్బాలో సగానికి రేపు మూడు దారులున్నాయి.

పప్పుచారు అందరికీ తెలిసిందే. ములక్కాడ, సొరకాయ, ఉల్లిపాయ ముక్కలు విడిగా ఉడికించి, చింతపండు రసం పోసి, తీసి పెట్టిన పప్పు కలిపి తెర్లనిచ్చి, చివర్లో తిరగమోత. తిరగమోత ఈ రోజు తాజాగా వేస్తున్నారు కాబట్టి నిన్నటి పప్పని ఎవరూ అనరు. తిరగమోత వాసనే ఏ వంటకైనా పుట్టిన తేదీ.

రెండోది చపాతీ. రెండు గ్లాసుల గోధుమపిండికి ముప్పావు గ్లాసు గట్టి పప్పు, ఉప్పు, వాము, కొత్తిమీర కాడల తరుగు వేసి ముందు నీళ్ళు పోయకుండానే కలపండి. పప్పులోని తడే దాదాపు సరిపోతుంది. చపాతీలు మెత్తగా వస్తాయి, బడికి డబ్బా కట్టినా గట్టిపడవు, పక్కన కూర లేకపోయినా పెరుగుతో తినేస్తారు.

మూడోది సొరకాయ పప్పుకూర. సొరకాయ ముక్కల్ని పసుపు, పచ్చిమిర్చితో మగ్గించి, పప్పు గట్టిగా ఉన్నదాన్నే కలిపి, కొబ్బరి ఉంటే చల్లి దించేయడం.

అలసందలు, శనగలు, ఉలవలకూ ఇదే పద్ధతి. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికిస్తే గ్లాసు గింజలు రెండున్నర గ్లాసుల దాకా అవుతాయి. సగం సాయంత్రానికి గుగ్గిళ్ళు, సగం మర్నాడు వంకాయతో కూర. ఉలవలు ఉడికించిన నీళ్ళు పారబోసేవాళ్ళకి నేను చెప్పేది ఏమీ లేదు. చారు కాచుకునేవాళ్ళకి మాత్రం గ్యాస్ ఒకసారి కాల్చి రెండు వంటలు వచ్చినట్టు.

బియ్యంలో లైసిన్ అనే ప్రొటీన్ ముక్క తక్కువ, పప్పుల్లో అది ఎక్కువ. పప్పుల్లో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంది. రెండూ కలిసి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మాంసం కొనలేని వారం గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆదివారం చికెన్ తెచ్చినా సరే, మసాలా వేసే ముందు నాలుగు ముక్కలు, కాస్త ఉడికిన నీళ్ళు తీసి పెట్టండి. సోమవారం పిల్లలకి పలావు అవుతుంది.

కూరగాయలు అన్నీ దీనికి లొంగవు. క్యాబేజీ, బీన్స్, క్యారెట్, బీట్‌రూట్ సగం ఉడికించి తీసి పెట్టుకోవచ్చు, రేపు పెసరపప్పు కలిపితే ఇంకో కూర. వంకాయ, బెండకాయ, దొండకాయ మాత్రం పూటకు కావలసినంతే తరగండి.

అన్నం మిగిలితే

ముందు కొలత. నెలకోసారి కొలత డబ్బా మార్చి చూడండి, సగం ఇళ్ళలో అలవాటుకొద్దీ ఒక మనిషికి ఎక్కువే పోస్తుంటారు. పిల్లలు హాస్టల్‌కి వెళ్ళిపోయినా పాత డబ్బాతోనే కొలిచే తల్లులు ఎందరో. అయినా మిగులుతుంది, మిగలాలి కూడా.

చద్దన్నం రాత్రి భోజనం కాగానే చేయాలి. నిద్రపోయే ముందు గుర్తొచ్చి నీళ్ళు పోస్తే ఆలస్యమైనట్టే. ఆరిన అన్నాన్ని మట్టి కుండలో గానీ స్టీలు గిన్నెలో గానీ వేసి, మునిగేదానికి రెండు వేళ్ళు పైకి నీళ్ళు పోసి, ఒక గరిటె పుల్ల మజ్జిగ కలపండి. మజ్జిగ ఉంటే పులుపు త్వరగా ఎక్కుతుంది, చెడ్డ బ్యాక్టీరియాకు అంతగా చోటు దొరకదు. పొద్దున ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఎండాకాలం ఎనిమిదిలోపు తినేయండి. చెయ్యి పెడితే తీగ సాగినా, పులుపు కాకుండా పాచి వాసన వచ్చినా పారబోయండి. చంటిపిల్లలకి, గర్భిణులకి, బాగా పెద్దవాళ్ళకి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం వేడిచేసి పెట్టడమే మంచిది. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రకంగా మారుతుందనేది నిజమే. దాన్ని నమ్ముకుని షుగర్ ఉన్నవాళ్ళు రెండు గిన్నెలు లాగించొద్దు.

రాగి సంగటికి ఫ్రిజ్ అన్నం తాజా అన్నం కంటే నయం. కనిగిరి వైపు నుంచి వచ్చిన మా వదిన చేసే పద్ధతి చెబుతాను. ఒక గ్లాసు అన్నంలో రెండు గ్లాసుల నీళ్ళు, ఉప్పు వేసి మెతుకు చితికిపోయేదాకా ఉడికించాలి. మంట తగ్గించి ముప్పావు గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టాలి. ఐదారు నిమిషాలకు పిండి చుట్టూ నీళ్ళు పొంగి ఉడుకుతాయి. అప్పుడు దించి తెడ్డుతో గట్టిగా ఎనపాలి, ఉండలు లేకుండా. తడి చేత్తో ముద్దలు కట్టుకోవడమే. పక్కన వేరుశనగ విత్తనాల పచ్చడి, లేదా నిన్నటి పులుసు. రాగుల్లో బియ్యం కంటే కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువ, పాలు తగ్గించాల్సి వచ్చిన నెలలో దీన్ని వారానికి మూడుసార్లు చేసినా తప్పులేదు.

గుప్పెడే మిగిలిందనుకోండి, దోశ పిండి రుబ్బేటప్పుడు అందులో వేసేయండి. గ్లాసు మిగిలితే బొంబాయి రవ్వ, పెరుగు, పచ్చిమిర్చి కలిపి మిక్సీ పట్టి అప్పటికప్పుడు అట్లు పోయండి, తురిమిన క్యారెట్ కూడా అందులో దాక్కుంటుంది.

పులిహోరకు నిమ్మకాయే మన వైపు తేలిక. గూడూరు, పొదలకూరు తోటల పుణ్యమా అని వానాకాలంలో సంచీ నిండా వస్తాయి, ఎండాకాలంలో అవే కాయలు లెక్కపెట్టి కొంటాం. చౌకగా ఉన్నప్పుడు ఊరగాయ పెట్టేసుకోండి. పులిహోరలో రసం పొయ్యి దించాకే పిండాలి, వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది, చేదూ వస్తుంది. పప్పు మీద, ఆకుకూర మీద కూడా అరచెక్క పిండుకోండి, అందులో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ పట్టేది కాస్తా తగ్గుతుంది, గంట ఆగి తాగండి.

ఎండలు మండేటప్పుడు అన్నం వడియాలు పెట్టొచ్చు. ఫ్రిజ్‌లోని అన్నాన్ని పొద్దున్నే తీసి ఉప్పు, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, నువ్వులు వేసి పిసికి, గుడ్డ మీద చిన్నగా పెడితే రెండు మూడు రోజుల్లో గలగలలాడతాయి.

దోశ పిండికి నాలుగు బతుకులు

మొదటి రోజు ఇడ్లీ. రెండో రోజు మామూలు దోశ. మూడో రోజు కాస్త పులిశాక కారం దోశ, ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, చింతపండు నూరిన ఎర్రకారం పులుపెక్కిన పిండి మీదే బాగుంటుంది. ఆ తర్వాత అడుగున మిగిలిన రెండు గ్లాసుల పిండి చూసి మొహం చిట్లించే రోజు వస్తుంది. నెల్లూరు వాళ్ళకి ఆ రోజు పులిబొంగరాల రోజు.

పుల్లటి పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ వేసి పది నిమిషాలు ఉంచండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, జీలకర్ర కలపండి. పిండి గరిట నుంచి ముద్దగా జారాలి. బండి మీద నూనెలో వేయిస్తారు గానీ ఇంట్లో గుంత పొంగనాల పెనం మీద ఒక్కో గుంటకు అరచెంచా నూనెతో కాలిస్తే అదే రుచి, నూనె తక్కువ. ఇక్కడ కూడా నిన్నటి క్యారెట్ కూరో, క్యాబేజీ వేపుడో పిండిలో కలిపేయొచ్చు. పిండి మీద గులాబీ రంగో నల్ల చుక్కలో కనబడితే మాత్రం ఆశ వదులుకోండి.

చేపల పులుసు ఉంటే మూడు పూటలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో సముద్రపు చేప ధర ఆకాశంలో ఉంటుంది కాబట్టి ఎండుచేపలకో గుడ్లకో మారిపోవడమే తెలివి. మిగతా కాలంలో వంజరం, చందువా వెంట పడకుండా కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు తీసుకోండి. ధర తక్కువ, గుండెకు మంచి చేసే ఒమేగా-3 కొవ్వులు ఎక్కువ. ఒక్క షరతు, ఐస్‌లో ఉన్నవే కొనాలి, ఇంటికి రాగానే కడిగి వండేయాలి. ఈ రకం చేపలు ఎండలో కాసేపు ఉన్నాయంటే హిస్టమిన్ తయారవుతుంది, ఒళ్ళంతా ఎర్రబడి దద్దుర్లు వస్తాయి, వండినా అది పోదు.

పులుసు రాత్రి వండితే పొద్దున రుచి అని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే ముక్కలు రెండు వాటాలుగా ముందే అనుకోండి. రాత్రి అన్నంలోకి, పొద్దున దోశలోకి. ముక్కలన్నీ అయిపోయి పులుసే మిగిలితే ముల్లు లేకుండా వడగట్టి, మరగబెట్టి, వంకాయ, ములక్కాడ వేయండి, లేదా ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి వేయండి. సంగటిలోకి మూడో పూట గడిచిపోతుంది. చింతపండు పులుపు కాస్త కాపాడుతుంది గానీ ఎండాకాలంలో దాన్ని నమ్ముకుని రాత్రంతా బయట ఉంచొద్దు. మామిడికాయల కాలంలో సగం చింతపండు బదులు పుల్లటి కాయ వేస్తే రుచీ పెరుగుతుంది, చింతపండూ మిగులుతుంది.

తొక్కలు, కాడలు

బీరకాయ తొక్కు పచ్చడి తెలియని ఇల్లు లేదు. అదే వరసలో సొరకాయ తొక్కు, అరటికాయ తొక్కు కూడా నువ్వులతో వేయించి నూరుకోవచ్చు. ముల్లంగి ఆకు పప్పులోకి, కాలీఫ్లవర్ కాడలు సన్నగా తరిగి వేపుడులోకి, పుచ్చకాయ ఎర్ర గుజ్జు కింద ఉండే తెల్ల భాగం సొరకాయలాగే కూరలోకి. తొక్క వాడే రోజు కూరగాయల్ని పారే నీళ్ళ కింద బాగా రుద్ది కడగండి, మందు కొట్టేది ముందు తొక్కకే కదా. నెల్లూరులో ఉంటే ఫతేఖాన్‌పేట రైతు బజారుకు వెళ్ళండి, బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. చీటీ రాసుకుని వెళ్ళడం కంటే ఏది చౌకగా ఉందో చూసి అక్కడే వంట నిర్ణయించుకోవడం లాభం.

మిగిలింది ఎవరు తింటున్నారు?

ఇది వంట సంగతి కాదని వదిలేయొద్దు. మన ఇళ్ళలో మిగిలిన తిండి చాలావరకు ఇల్లాలి కంచంలోకే వెళుతుంది. అందరికీ వేడన్నం, కొత్త కూర. ఆమెకి పొయ్యి పక్కన నిలబడి నిన్నటి అన్నం, అడుగు పులుసు, ముక్కలేని కూర. దీన్ని పొదుపు అని పిలవొద్దు. రక్తం తక్కువైన ఆమె మందులకు పెట్టే ఖర్చు కిరాణా చీటీలో కనపడదు, అంతే. రేపటి వాటా అందరి కంచంలోకీ సమానంగా వెళ్ళాలి. లేకపోతే ఆ వాటా తీయనే వద్దు.

నిన్నటిది ముట్టని పెద్దవాళ్ళు ఉంటారు. మా అత్తమ్మ అంతే, "రాత్రిది నాకు పెట్టబాకమ్మా" అని ముందే చెప్పేస్తుంది. ఆమెతో వాదన పెట్టుకోలేదు. ఆమెకి పూటకు పిడికెడు బియ్యం విడిగా వండుతాం, మిగతా ఇల్లంతా ఈ పద్ధతిలో నడుస్తుంది. పిల్లలు "మళ్ళీ ఇదేనా" అంటే తప్పు వాళ్ళది కాదు, వంట రూపం మారలేదని అర్థం. పప్పుగా వద్దన్నదే చపాతీలో అడిగి మరీ పెట్టించుకుంటారు.

ఒక వారం ఇలా నడుస్తుంది

ఆదివారం చేపలు తెచ్చి పులుసు. సోమవారం పొద్దున అదే పులుసుతో దోశ, మధ్యాహ్నం తోటకూర పప్పు, సగం పప్పు ఫ్రిజ్‌లోకి. మంగళవారం పప్పు చపాతీ డబ్బాల్లోకి, రాత్రికి కట్టుతో చారు, గుడ్డు పొరటు. ఆ రాత్రి అలసందలు నానబెడితే బుధవారం సాయంత్రం గుగ్గిళ్ళు, గురువారం అలసంద వంకాయ. గురువారానికి దోశ పిండి పులిసి ఉంటుంది, సాయంత్రం పులిబొంగరాలు. శుక్రవారం మీగడ తీసిన పుల్ల పెరుగుతో మజ్జిగ పులుసు, బీరకాయ కూర, తొక్కుతో పచ్చడి. శనివారం కొత్త కూరగాయలేవీ తేవద్దు. ఫ్రిజ్ మొత్తం బయట పెట్టి, ఉన్న ముక్కలన్నీ కలిపి సాంబారో, పెసరట్టులోకి తురుమో చేసేయండి. ఖాళీ అయిన అర తుడిచాకే ఆదివారం సంచీ పట్టుకుని బయల్దేరండి.

వీటి దగ్గర పొదుపు వద్దు

సొరకాయ, దోసకాయ, బీరకాయ వండే ముందు చిన్న ముక్క నాలుక మీద వేసి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు ఒంట్లోకి వెళితే వాంతులు, రక్త విరేచనాల దాకా వస్తుంది. ముడుచుకుపోయి చేదుగా ఉన్న వేరుశనగ విత్తనాలు, బూజు పట్టిన ఎండుమిర్చి కడిగినా వేయించినా పనికిరావు, బూజు వదిలిన విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పచ్చబారిన బంగాళాదుంప కూడా పనికిరాదు. బ్రెడ్ మీద ఒక మూల బూజు ఉంటే ఆ మూల ఒక్కటే తుంచడం కుదరదు, లోపలికి పాకి ఉంటుంది. పాలు కాగబెట్టగానే విరిగి, వాసన బాగుంటే గుడ్డలో వడకట్టి కూరలో వేసుకోవచ్చు, ఆ నీళ్ళతో చపాతీ పిండి కలపొచ్చు. వాసన తేడాగా ఉంటే వద్దు. బజ్జీలు వేసిన నూనెను వడగట్టి ఒకటి రెండు రోజుల్లో తిరగమోతలకు వాడేయండి. నల్లబడి నురగ వస్తుంటే పారబోయాల్సిందే, మళ్ళీ బాండీలోకి వెళ్ళకూడదు.